పల్లేరు నేల మీద వేటకుక్కకు రబ్బరు బూట్లు: చాలా సీజన్లు వాడాక నా అభిప్రాయం

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం పడమటి భాగంలో ఫెజెంట్ (కోడి జాతికి దగ్గరి పక్షి) వేటకు పోయేవాళ్ళు తుపాకుల గురించి గంటలు గంటలు మాట్లాడతారు. కుక్క పాదాల మాట మాత్రం కుంటడం మొదలయ్యాకే గుర్తొస్తుంది. నన్నడిగితే ఆ రోజు వేట ఎంతసేపు సాగుతుందనేది తేల్చేది కుక్క పాదమే. అందుకే ఈ సమీక్ష కుక్క బూట్ల మీద.

మా చుక్క బ్రిటనీ జాతి ఆడకుక్క, బరువు పదహారు కిలోలు. దానికి వాడుతున్నవి అచ్చుపోసిన రబ్బరు బూట్లు. వీటికి పట్టీ గానీ వెల్క్రో గానీ ఉండదు, తొడిగి పైన టేపు చుట్టాలి. ఇలాంటివి ఒకటికి మించి కంపెనీలు చేస్తాయి. నేను చెప్పేది ఏదో ఒక బ్రాండు గురించి కాదు, ఈ రకం బూట్ల గురించి.

బూట్లు ఎందుకు అవసరమో తెలియాలంటే అక్కడి నేల చూడాలి. కాన్సస్ తూర్పు అంచున ఉన్న ఓవర్లాండ్ పార్క్ నుంచి ఐ-70 హైవే మీద పడమరగా హేస్ ఊరు దాటాక పంటభూముల గట్ల మీద, బండ్లు ఆపే మట్టిదారుల మీద మన పల్లేరు కాయలే ఉంటాయి. అదే మొక్క, అవే ముళ్ళు. ఎండిన కాయ ఐదు ముక్కలుగా విడిపోతుంది, ప్రతి ముక్కకూ రెండు గట్టి ముళ్ళు. ఇక ఆర్కాన్సా నదికి దక్షిణంగా గార్డెన్ సిటీ వైపు ఇసుక నేలల్లో శాండ్‌బర్ అనే గడ్డి ముళ్ళు మరీ ఎక్కువ. వీటికి తోడు జొన్న కొయ్యకాళ్ళు. అమెరికాలో జొన్న అన్నిటికన్నా ఎక్కువ పండేది కాన్సస్‌లోనే, కోత అయిపోయిన ఆ చేలల్లోనే ఫెజెంట్ పుంజులు మేతకు దిగుతాయి. పదును తేలిన ఆ మోళ్ళ మధ్య కుక్క మనకు కొన్ని రెట్ల దూరం పరుగెడుతుంది.

ముల్లు గుచ్చుకున్న కుక్క ఏం చేస్తుందో చూసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. పక్షి వాసన పట్టుకుని పోతున్నదల్లా ఆగిపోయి, పళ్ళతో ముల్లు పీకే ప్రయత్నం చేస్తుంది. ఆ ముల్లు నాలుకకో చిగురుకో దిగుతుంది. ఈలోపు పుంజు పరుగెత్తి చేను చివరికి చేరిపోతుంది. ఫెజెంట్ ఎగరడం కన్నా పరుగెత్తడాన్నే ఇష్టపడే పక్షి, దానికి ఆ కాసేపు చాలు.

మొదట గుడ్డ బూట్లు వాడాను. మందపాటి నైలాన్, కింద సోలు, పైన వెల్క్రో. పేవ్‌మెంట్ మీద నడకకు బాగానే ఉంటాయి. చేలో మాత్రం గుడ్డ భాగంలోంచి ముల్లు నేరుగా లోపలికి దిగుతుంది, వెల్క్రోకు గడ్డి విత్తనాలు పట్టి పట్టు వదిలేస్తుంది. చేతనైనవాళ్ళు మోటార్‌సైకిల్ ట్యూబు ముక్కలు కోసి సొంతంగా బూట్లు చేసుకుంటారు. ఖర్చు దాదాపు లేదు, ఒక పూటకు పనికొస్తాయి, కానీ మొన భాగం మడతపడి వేళ్ళను నొక్కుతుంది. అచ్చు రబ్బరు బూటులో ఆ ఇబ్బంది లేదు. ఇన్ని సీజన్లలో దాని సోలు దాటి చుక్క పాదంలో పల్లేరు ముల్లు దిగడం నేను చూడలేదు.

వీటి మంచిచెడ్డలు తేలేది టేపు దగ్గరే. పాదం, వెంట్రుకలు పూర్తిగా పొడిగా ఉండాలి. లోపల కొంచెం టాల్కం పౌడర్ వేస్తే సులువుగా దిగుతుంది. వేళ్ళు మొన దాకా చేరాయో లేదో నొక్కి చూడాలి. తర్వాత సాగే గుణమున్న టేపును సగం రబ్బరు మీద, సగం వెంట్రుకల మీద పడేలా రెండు చుట్లు చుట్టాలి. చుట్టేటప్పుడు లాగకూడదు, ఊరికే పరిచినట్టు వేయాలి. లాగి చుడితే గంటలోనే రక్తప్రసరణ తగ్గి పాదం వాస్తుంది, పైకి ఏమీ కనపడదు. కొసను కొంచెం మడిచి వదిలితే చలికి వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు కూడా చటుక్కున పట్టుకుని ఊడదీయొచ్చు. రెండు గంటలకోసారి, నీళ్ళకు ఆగిన ప్రతిసారీ విప్పి పాదం తాకి చూస్తాను. వేళ్ళు చల్లగా, ఉబ్బినట్టు అనిపిస్తే ఆ కాలికి ఇక ఆ పూట బూటు వేయను. ఈ ఓపిక లేనివాళ్ళకు నేను ఈ బూట్లు సిఫార్సు చేయను. బిగుసుకున్న టేపు చేసే హాని ముల్లు చేసేదానికన్నా పెద్దది.

కుక్కకు అలవాటు చేయడం అనుకున్నంత కష్టం కాదు. సీజన్‌కు నెల ముందు నుంచి పెరట్లో రోజూ కాసేపు వేసి ఆడించండి. మొదట్లో కాళ్ళు ఎత్తెత్తి వేస్తుంది, కూర్చుండిపోతుంది. చేలో పక్షి వాసన తగిలాక బూట్ల సంగతే మర్చిపోతుంది. బూట్లతోనే చుక్క గడ్డిలో పక్షి దాగిన చోటు చూపిస్తూ తోక బిగించి కదలకుండా నిలబడితే (దీన్నే పాయింట్ అంటారు) చూడటానికి నాకు రెండు కళ్ళూ చాలవు.

లోపాలూ ఉన్నాయి. రబ్బరుకు గాలి ఆడదు. నవంబర్ మొదట్లో ఎండ గట్టిగా ఉన్న రోజున పాదం చెమటకు నాని మెత్తబడుతుంది, మధ్యాహ్నం తప్పక ఆరబెట్టాలి. వాగు దాటితే నీళ్ళు లోపలే నిలుస్తాయి. మొన దగ్గర చిన్న రంధ్రాలు చేస్తే దిగిపోతాయి, పెద్దవి చేస్తే వాటిలోంచే ముల్లు దూరుతుంది. ముందు కాలి పక్కనుండే బొటనగోరు దగ్గర రబ్బరు అంచు ఒరుసుకుని పుండు పడుతుంది. అక్కడ మెత్తటి కట్టు ఒక చుట్టు వేశాకే బూటు తొడగాలి. మంచు గడ్డకట్టిన వాలు మీద జారతాయి కూడా. గోళ్ళు కత్తిరించకపోతే మొన త్వరగా చిల్లి పడుతుంది. నాకు ముందుకాళ్ళవే ఎప్పుడూ ముందు పోతాయి, అందుకే అవి రెండు అదనంగా కొని పెట్టుకుంటాను.

అన్ని చోట్లా ఇవి అక్కర్లేదు. 1985 చట్టంతో వచ్చిన సీఆర్‌పీ పథకం కింద ప్రభుత్వం అద్దె చెల్లించి రైతుల చేత గడ్డిగా వదిలించిన భూములున్నాయి. ఆ దట్టమైన గడ్డిలో చుక్కను ఉత్త కాళ్ళతోనే వదులుతాను, అక్కడ దాని వేగం వేరు. రాష్ట్రం లీజుకు తీసుకుని వేటగాళ్ళు నడవడానికి తెరిచిన ప్రైవేటు భూములు పది లక్షల ఎకరాలకు పైనే, ఒక్కో చెక్క ఒక్కో రకం. బండి దిగగానే నేను ముందు గట్టు మీద నాలుగడుగులు వేసి నా బూటు అడుగు తిప్పి చూస్తాను. పల్లేరు కనిపిస్తే చుక్కకు బూట్లు పడతాయి.

ఇది చదివి మన ఊళ్ళలో కుక్కతో కౌజు వేటకు పోదామనుకునేవాళ్ళకు ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, ఆ ఆలోచనే వద్దు. ఇక్కడ కాన్సస్‌లో ఫెజెంట్ వేటకు లైసెన్సు ఉంది, సీజన్ ఉంది: నవంబర్ రెండో శనివారం నుంచి జనవరి 31 దాకా, రోజుకు నాలుగు పుంజులు, పెట్టలను ముట్టకూడదు. ఈ హద్దులు నాకు ఇష్టం. వీటి వల్లే మా పిల్లలు పెద్దయ్యాక కూడా ఆ చేలల్లో పక్షులుంటాయని నమ్ముతాను.

కొనేముందు కుక్కను కాగితం మీద నిలబెట్టి, బరువు పాదం మీద పడేలా ఎదుటి కాలు ఎత్తి, పాదం చుట్టూ పెన్సిలుతో గీయండి. కంపెనీవాళ్ళు బరువును బట్టి ఇచ్చే సైజు చాలాసార్లు వెనక కాళ్ళకు వదులవుతుంది. చుక్కకు ముందు ఒక సైజు, వెనక దానికన్నా ఒకటి చిన్నది సరిపోయాయి. సెట్‌గా కాకుండా జతలుగా అమ్మే చోట కొనండి.