నల్లబడిన రాగి నాణేలకు ఏది మేలు: నిమ్మరసమా, వెనిగరా, కోలానా?

రాగి నాణెం నల్లబడడానికి కారణం చాలావరకు మురికి కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రాగి మీద ఏర్పడిన ఆక్సైడు పొర. ఆమ్లం ఆ పొరను నీటిలో కరిగే లవణంగా మారుస్తుంది గాని, కొద్దిసేపటిలో అడుగునున్న లోహాన్ని అంతగా తినదు. వంటింటి పులుపుతో ఈ పని సాధ్యం కావడానికి ఆధారం ఈ తేడాయే. జిడ్డు మాత్రం ఈ పులుపుకు లొంగదు కనుక, నాణేన్ని ముందుగా సబ్బునీటితో కడగకపోతే ఏ ద్రవంలో వేసినా మచ్చలు మచ్చలుగానే తేలుతుంది.

వెనిగర్‌లో సాధారణంగా 5 శాతం వరకు ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం కూడా రమారమి అదే పాళ్లలో ఉన్నా, అది ఎసిటిక్ ఆమ్లం కంటే బలమైనది. పైగా కరిగిన రాగిని తనలో బంధించి పట్టుకుంటుంది. అందువల్ల ఉప్పు కలపకుండా పోల్చినప్పుడు నిమ్మరసానిదే పైచేయి. వెనిగర్‌లో చెంచాడు ఉప్పు వేస్తే పరిస్థితి తారుమారవుతుంది: క్లోరైడు అయాన్లు రాగితో జతకట్టి పొరను కరిగించడానికి తోడ్పడతాయి కాబట్టి, నాణెం కొద్ది నిమిషాల్లోనే గులాబీ ఛాయకు వస్తుంది. ద్రవం తేటగా ఉండడం వల్ల రంగు మారడాన్ని చూస్తూ సరైన సమయానికి పైకి తీయవచ్చు. ఈ సౌకర్యం చిన్నదేమీ కాదు.

ఆ వేగానికి మూల్యం కూడా ఉంది. ఉప్పు, వెనిగర్ కలిసిన తడితో నాణేన్ని గాలికి వదిలేస్తే, పోయిన నలుపు స్థానంలో చిలుము పచ్చగా పట్టుకుంటుంది. (పూర్వం చిత్రకారులు వాడిన ఒక ఆకుపచ్చ రంగును రాగి రేకులకు వెనిగర్ ఆవిరి పట్టించే తయారుచేసేవారు.) కాబట్టి తీసిన వెంటనే మంచినీటితో, ఆపైన వంటసోడా కలిపిన నీటితో కడిగి, మరోసారి మంచినీళ్లు పోసి, పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. పాత్ర గాజుదో ప్లాస్టిక్‌దో అయితే మంచిది.

కోలాకు ఉన్న పేరు దాని పనితనాన్ని మించినది. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం చాలా స్వల్పం. గంటల తరబడి నానబెట్టాలి, నల్లని ద్రవంలో నాణెం కనిపించదు, చివరికి చక్కెర జిగట వదిలించుకోవడం అదనపు పని.

నాలుగైదు నాణేలకైతే వడగట్టిన నిమ్మరసం, గుప్పెడు ఉంటే ఉప్పు కలిపిన వెనిగర్ అన్నది నా ఎంపిక. అయితే నాణెం పూర్తిగా రాగిదేనా అన్నది ముందు చూసుకోవాలి. అమెరికాలో 1982 నుంచి పెన్నీని జింకు మీద పలుచని రాగి పూతతో తయారుచేయడం మొదలైంది. బ్రిటన్‌లో 1992 నుంచి పెన్నీల లోపల ఉన్నది ఉక్కు. పూత గీసుకుపోయిన చోట ఆమ్లం లోపలి లోహాన్ని తినేస్తుంది కనుక, అటువంటి వాటిని ఎక్కువసేపు నాననివ్వకూడదు.

సేకరణ విలువ ఉన్న పాత నాణేలకు మాత్రం ఈ మూడూ పనికిరావు. కాలక్రమంలో ఏర్పడిన గోధుమరంగు పొరనే సేకర్తలు సహజత్వానికి గుర్తుగా చూస్తారు. ఆమ్లంతో తోమి గులాబీ రంగుకు తెచ్చిన నాణెం విలువ పడిపోతుంది, ఆ పొరను తిరిగి తెప్పించే ద్రవం ఏదీ లేదు. మట్టి వదలాలంటే డిస్టిల్డ్ నీటిలోనూ, జిడ్డు వదలాలంటే రాగితో చర్య జరపని అసిటోన్‌లోనూ ముంచి, రుద్దకుండా ఆరనిస్తే చాలు.