గురువా, అవతారమా, శరీరధారా: యేసును ఏమని చెప్పాలి?

పోయిన డిసెంబరులో బాల్కనీకి క్రిస్మస్ నక్షత్రం కడుతుంటే పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి నా స్టూలు పట్టుకున్నారు. ఆవిడ పూజగదిలో రాములవారి పట్టాభిషేకం పటం ఉంటుంది. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌కి కూడా వెళ్లి కొవ్వొత్తి వెలిగించి వస్తుంటారు. "మీ యేసయ్య కూడా ఒక అవతారమే కదమ్మా" అన్నారు, ఎంతో ప్రేమగా. తలూపేస్తే సరిపోయేది. సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఊరుకోలేకపోయాను.

యేసు గొప్ప గురువు అనే మాట ఆఫీసులో ఎక్కువగా వింటాను. ఎవరికీ ఇబ్బంది లేని మాట. కానీ కపెర్నహూములో పక్షవాతం ఉన్న మనిషితో "నీ పాపములు క్షమింపబడియున్నవి" అన్నవాణ్ణి ఒట్టి గురువంటే ఎలా? దేవుడు తప్ప పాపాలు ఎవరు క్షమించగలరని అక్కడున్న శాస్త్రులే, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులే, అనుకున్నారు. పైగా మంచి బోధ తెలిసీ పాటించలేక కుంగిపోయినవాడికి ఇంకో బోధ ఏం చేస్తుంది?

అవతారం అన్న మాటను అంత తేలిగ్గా పక్కన పెట్టలేం. మన నేల మీద పుట్టిన మాట, చెప్పగానే అర్థమవుతుంది. మద్రాసు క్రైస్తవుడు వెంగల్ చక్కరై గత శతాబ్దంలో యేసును ఆ మాటతోనే వివరించారు. నేను మాత్రం ఆంటీతో, "మా ప్రభువు తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు, ఆంటీ" అన్నాను, అదే తేడా అన్నట్టు.

"సీతమ్మ కోసం రాముడు ఏడవలేదా?"

నోట మాట రాలేదు. ఆవిడ అన్నది నిజం. కన్నీళ్ల దగ్గర తేడా వెతకడం నా పొరపాటు.

ఆ రాత్రి బైబిలు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తేడా రెండు చోట్ల కనిపించింది. గీతలో అవతారం సాధువులను కాపాడడానికి, దుష్టులను శిక్షించడానికి, యుగయుగానా వస్తుంది. బైబిల్లోని రోమా పత్రికలో "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" అని ఉంది. శిక్ష పడాల్సినవాడి కోసమే ఆయన చనిపోయాడు, అదీ ఒక్కసారే. రెండోది నన్ను ఇంకా ఎక్కువగా పట్టి ఆపింది. పని అయ్యాక అవతారం చాలిస్తారు అంటాం. యేసు మాత్రం మనిషితనాన్ని విడిచిపెట్టలేదు. తిరిగి లేచాక కాల్చిన చేప ముక్క తిన్నాడు, శిష్యుడు తోమాకు చేతుల్లోని గాయాలు చూపించాడు. చక్కరై కూడా ఈ అవతారం ముగిసిపోయేది కాదనే పట్టుబట్టారు.

అందుకే నాకు యోహాను సువార్తలోని మాటే మేలనిపిస్తుంది: "ఆ వాక్యము శరీరధారియై". క్రైస్తవ సంఘం దీన్ని ఊరికే పట్టుకోలేదు. ఆ శరీరం చూపుకి మాత్రమేనని మొదట్లో కొందరన్నారు. కుమారుడు సృష్టించబడినవాడని అరియస్ అనే పాదిరి అన్నాడు, 325లో సంఘ పెద్దలు కూడిన నైసియా సభ కాదంది. 451లో కల్కెదోను సభ ఆయన నిజంగా దేవుడు, నిజంగా మనిషి అని తేల్చింది. నాలుగో శతాబ్దపు బిషప్పు, నజియాంజుకు చెందిన గ్రెగొరీ చెప్పిన కారణం నాకు ప్రాణం: మన మనిషితనంలో ఆయన తన మీద వేసుకోనిది ఏదీ బాగుపడదు. మా అమ్మ ఆఖరి రోజుల్లో ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, ఊపిరికి ఆమె పడే ఆయాసం చూస్తూ నేను పట్టుకున్నది ఈ మాటనే. ఈ ఊపిరి కూడా ఆయనకు తెలుసు.

మర్నాడు కేకు పట్టుకెళ్లి ఆంటీకి ఇదంతా చెప్పాను. ప్లేటు చేతిలో పెట్టుకునే విన్నారు.

"అయితే ఇప్పటికీ మనిషేనా?"

"ఇప్పటికీ, ఆంటీ."

"ఆ గాయాలతోనే?"

"ఆ గాయాలతోనే."

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "లోపలికి రా, కూర్చో" అన్నారు.