వేల్స్ పలకరాతి గనులు: లాన్‌బెరిస్ మేలా, ఫెస్టినియోగ్ మేలా?

ఉత్తర వేల్స్‌లో పలకరాతి గనులు చూడటానికి ఒక్క రోజే చేతిలో ఉంటే లాన్‌బెరిస్‌కు వెళ్లాలా, బ్లైనై ఫెస్టినియోగ్‌కు వెళ్లాలా అని ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్లు తరచూ అడుగుతున్నారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ప్రాంతంలో రెండూ ఉన్నాయి కనుక పేరును బట్టి తేల్చుకోవడం కుదరదు.

ఫెస్టినియోగ్ బలమంతా భూగర్భంలో ఉంది. అక్కడ రాతి పొరలు కొండలోకి ఏటవాలుగా దిగిపోవడంతో లోపల పెద్ద పెద్ద గదులుగా తొలుచుకుంటూ పోయారు; లెఖ్వెద్ గనిలో సందర్శకులను ఆ గదుల్లోకే దింపుతారు. 1836లో మొదలైన ఫెస్టినియోగ్ రైలుమార్గం ఇప్పటికీ నడుస్తోంది. తొలినాళ్లలో పలకలు నింపిన బండ్లు వాలు వెంట తమ బరువుతోనే పోర్త్‌మాడోగ్ రేవు వైపు దిగేవి; ఖాళీ బండ్లను తిరిగి పైకి లాగవలసిన గుర్రాలు, దిగేటప్పుడు మాత్రం ఆ రైలులోనే దర్జాగా ప్రయాణించేవి.

అయినా నన్నడిగితే లాన్‌బెరిస్ అనే అంటాను. అక్కడి డినోర్విక్ గనిలో ఒకప్పుడు సుమారు 3,000 మంది కొండను మెట్లు మెట్లుగా కోసేవారు. తవ్విన గొయ్యి ఎక్కడైనా మిగులుతుంది. ఆ గొయ్యిని నడిపించిన కార్ఖానా మిగలడమే అరుదు. 1969లో గని మూతపడి సామగ్రి వేలానికి వెళ్లినా, 1870లో కట్టిన కార్ఖానా దక్కింది. 1972లో మ్యూజియం అయింది. యంత్రంలో పళ్లచక్రం విరిగితే బయటికి పంపే పని లేకుండా, కొయ్యతో నమూనా చెక్కి, ఇసుకలో అచ్చు తీసి, కరిగిన లోహం పోసి అక్కడే చేసుకునేవారు. ఆ కొయ్య నమూనాలు, పోతశాల, కొలిమి ఇప్పటికీ అదే ఆవరణలో ఉన్నాయి. 1925లో పెల్టన్ చక్రం (నీటిధార తాకిడికి తిరిగే టర్బైన్) వచ్చేదాకా కార్ఖానా యంత్రాలన్నిటినీ తిప్పింది 15 మీటర్లకు పైగా వ్యాసమున్న నీటిచక్రం. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరం వారికి, ఉలితో రాతిని రేకులుగా చీల్చి ఇంటికప్పు పలకలు చేసే పనితనం ప్రత్యేకంగా నచ్చుతుంది. ఒక్క జాగ్రత్త: పునరుద్ధరణ కోసం 2024 నవంబరులో మ్యూజియంను మూశారు కనుక, తెరిచారో లేదో కనుక్కున్నాకే బయలుదేరాలి. తెరవకపోయి ఉంటే మారుమాట లేకుండా ఫెస్టినియోగ్‌కే వెళ్లండి.

బెథెస్డా ఊరి దగ్గరి పెన్రిన్ పలకరాతి గనిలో ఇప్పటికీ తవ్వకం సాగుతోంది. 1900 నుంచి 1903 దాకా సాగిన సమ్మెలో “ఈ ఇంట్లో ద్రోహి లేడు” (అంటే, సమ్మె విడిచి పనిలోకి వెళ్లినవాడు లేడు) అన్న కాగితాలు కార్మికుల కిటికీల్లో కనిపించింది ఆ ఊళ్లోనే. అయితే ఇప్పుడు అక్కడికి వెళ్లేవారిలో చాలామంది గని మీదుగా తీగకు వేలాడుతూ జారడానికే వెళతారు. రైళ్లంటే ఇష్టమున్నవారికి, 1951 నుంచి స్వచ్ఛంద సేవకులు నడుపుతున్న తాలిలిన్ రైలు ఉంది.