మేకుల పలక: నాలుగేళ్ళు వాడాక

పాలకొల్లు దగ్గర ఓ ప్రాథమిక పాఠశాలలో నాలుగు, అయిదు తరగతులకి లెక్కలు చెబుతాను. జియోబోర్డు వాడబట్టి నాలుగేళ్ళు. అయిదు వరసలు, వరసకి అయిదు మేకులు, రబ్బరు బ్యాండు తగిలించి ఆకారాలు కట్టడం, అంతే. మా పిల్లలు మేకుల పలక అంటారు. ఈజిప్టులో పుట్టిన కాలెబ్ గట్టెన్యో అనే లెక్కల మాస్టారు 1950లలో దీన్ని వాడుకలోకి తెచ్చాడట. ముగ్గుచుక్కలు పెట్టే చేతులకి మాత్రం ఇది పాత సంగతే. మొదటిరోజే ఆడపిల్లలు మగపిల్లల్ని దాటేశారు.

ముందు ప్లాస్టిక్‌వి తెప్పించాను. రెండు నెలల్లో సగం పుల్లలు విరిగాయి. తర్వాత ఊళ్ళో వడ్రంగి చేత చెక్కవి చేయించాను, అవే ఇప్పటికీ నడుస్తున్నాయి. మేకులు తుప్పెక్కాయి. రబ్బరు బ్యాండ్లయితే వానాకాలం దాటవు, జిగురై ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇప్పుడు పాత సైకిలు ట్యూబుని రింగుల్లా కోసి వాడుతున్నాం.

ఇన్ని తిప్పలున్నా వదలకపోవడానికి కారణం చతురస్రం. పుస్తకంలో అదెప్పుడూ బుద్ధిగా కూర్చునే ఉంటుంది. పలక మీద ఏటవాలుగా కడితే "ఇది డైమండండి" అంటారు. పలక తిప్పితే "ఆయ్, ఇప్పుడు చతురస్రమండి!" మళ్ళీ తిప్పితే మళ్ళీ డైమండు. నాలుగుసార్లు తిప్పేసరికి వాళ్ళకే నవ్వొస్తుంది. ఈ పలక మీద ఎన్ని సైజుల చతురస్రాలు కట్టొచ్చో అడగండి. నిటారువి నాలుగే. ఏటవాలువి కూడా కలిపితే ఎనిమిది. మొదటేడు నేనే ఏడు దగ్గర ఆగిపోయాను. పది గడుల వైశాల్యం ఉన్నదాన్ని అయిదో తరగతి పిల్ల కట్టి చూపించింది.

అసలు చిక్కు మన మాటలోనే ఉంది. చతురస్రం కూడా ఒక రకం దీర్ఘచతురస్రమే అంటే పిల్లలు ఒప్పుకోరు. "పొడుగ్గా లేదు కదండీ!" న్యాయమే. పేరులోనే 'దీర్ఘ' ఉంది. పైగా ఆ పేరు వింటే దీర్ఘచతురస్రమే చతురస్రంలో ఓ రకం అనిపిస్తుంది, తిరగేసినట్టు. అందుకని నాలుగు గడుల పొడవు, రెండు గడుల వెడల్పు కట్టించి, పొడవు ఒక్కో మేకు తగ్గించమంటాను. నాలుగు, మూడు, రెండు. మూలలేమైనా మారాయా? లేదు. ఎదురెదురు భుజాలు సమానమేనా? అవును. మరి ఎక్కడ పేరు పోయింది? అక్కడ కాసేపు గొడవ పడతారు. అందరూ ఒప్పుకుంటారని చెప్పను.

చుట్టుకొలతకి, వైశాల్యానికి తేడా చెప్పడానికి మాత్రం దీన్ని మించింది నాకు దొరకలేదు. ఒకటి-నాలుగు గడులది, రెండు-మూడు గడులది కట్టిస్తాను. రెండిటి చుట్టుకొలతా పదే, వైశాల్యం ఒకదానికి నాలుగు, రెండోదానికి ఆరు. రొయ్యల చెరువు గట్ల మీద పెరిగిన పిల్లలు కదా, "గట్టు అంతేనండి, చెరువు పెద్దదైందండి" అన్నాడొకడు. నా పాఠం కంటే అదే బాగుంది.

లోపాలున్నాయి. పిల్లలు ఖాళీలు మానేసి మేకులు లెక్కపెడతారు. అడ్డంగా మూడు మేకులు, నిలువుగా మూడు, ఏటవాలుగా మూడు కట్టి "సమబాహు త్రిభుజమండి" అని గట్టిగా వాదిస్తారు. కొబ్బరి ఈనె పెట్టి కొలిస్తేగాని ఏటవాలుది పెద్దదని నమ్మరు. నిజానికి ఇలా గడుల్లో కొట్టిన మేకుల మీద సమబాహు త్రిభుజం కట్టడం అసాధ్యం. దానికి మూడు సమానమైన ఈనెలే గతి. వృత్తమూ కుదరదు.

కొనేవాళ్ళకి ఒక్క మాట: ఇద్దరికి ఒకటి చాలు. మనిషికొకటిస్తే బ్యాండ్లు గురిచూసి కొట్టుకోవడానికే వాడతారు.