బయోటెక్‌కి ఏది మేలు: బరంపురంలో ప్లస్‌టూనా, విశాఖలో బైపీసీనా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం తెలుగు ఇళ్లల్లో పదో తరగతి ఫలితాలు రాగానే మొదలయ్యే చర్చ ఇది. అమ్మాయికి సైన్సులో మంచి మార్కులొచ్చాయి, బయోటెక్నాలజీ చదువుతానంటోంది. విశాఖ హాస్టల్లో బైపీసీలో వేద్దామా, ఇక్కడే ప్లస్‌టూ చదివిద్దామా? డాక్టరీ కోసమైతే లెక్క వేరు. బయోటెక్ అయితే మా ఓటు ఇక్కడి ప్లస్‌టూకే. కాకపోతే లెక్కలు, బయాలజీ రెండూ తీసుకోవాలి. మార్కులు తేలిగ్గా పడతాయని బయాలజీ బదులు ఐటీ పెట్టుకునేవాళ్లు ఉన్నారు, అక్కడే దెబ్బతింటారు.

బైపీసీతోనూ ఆంధ్రా ఈఏపీసెట్ రాసి బీటెక్ బయోటెక్‌లో చేరొచ్చు. కానీ రూర్కెలా, వరంగల్ ఎన్‌ఐటీల్లో బయోటెక్ సీటు జేఈఈ మెయిన్‌తోనే, అంటే లెక్కలు ఉండాల్సిందే. ఇక ఇంటి పక్కనే ఉన్న బరంపురం ఐసర్, అంటే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా పరిశోధన సంస్థ. దాని ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు, 240 మార్కులు. నాలుగు సబ్జెక్టులకీ తలా 15. బైపీసీ వాళ్లూ రాయొచ్చు, కానీ లెక్కలు వదిలేస్తే 180కే పోటీ. గుడ్డిగా పెడితే తప్పుకి ఒక మార్కు కోత.

ల్యాబ్‌లో లెక్కలెందుకు అంటారా? యాభై రెట్లు చిక్కగా ఉన్న (50ఎక్స్) బఫర్ ద్రావణం నుంచి వాడుకునే చిక్కదనంలో (1ఎక్స్) అరలీటరు చెయ్యడానికి 10 మి.లీ. తీసి 490 మి.లీ. నీళ్లు కలపడం ఎనిమిదో తరగతి లెక్కే. బాక్టీరియా పెరుగుదల రేటు, ఎంజైమ్ వేగం కట్టాలంటే మాత్రం లాగరిథమ్, కాలిక్యులస్ రావాలి.

చాలామంది చూసుకోనిది స్థానికత. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానివి. పన్నెండు ఎక్కడ పాసైతే అదే సొంత రాష్ట్రం. విశాఖలో ఇంటర్ చేస్తే రూర్కెలా కోటా పోయి తాడేపల్లిగూడెంలోని ఆంధ్రా ఎన్‌ఐటీ కోటా వస్తుంది. ఈఏపీసెట్ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది: 85 శాతం సీట్లు స్థానికులవి, వాటికి ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ల చదువు వరసగా అక్కడే సాగి ఉండాలి. పది దాకా ఒడిశాలో చదివి రెండేళ్లకి వెళ్లిన పిల్ల అక్కడ స్థానికురాలు కాదు. తొమ్మిది నుంచే శ్రీకాకుళంలో చదువుతుంటే సరే, అలాగే కొనసాగించండి. 2025-26 నుంచి ఆంధ్రా ఇంటర్‌లోనూ లెక్కలు, బయాలజీ కలిపి చదివే వీలొచ్చింది, కాలేజీలో ఉందో లేదో అడగండి.

వారం వారం పరీక్షలు పెట్టి వెంటపడి చదివించడంలో మాత్రం విశాఖదే పైచేయి. ఇక్కడ ఆ పని ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకి మొదటి నెలల్లో ఫిజిక్స్ ఇంగ్లీషే గుదిబండ, పాత ప్రశ్నపత్రాలు అప్పటినుంచే చేయించాలి.

పదిలో లెక్కలు బొటాబొటీగా గట్టెక్కిన పిల్ల మీద నాలుగు సబ్జెక్టులు రుద్దొద్దు. బయాలజీతో బీఎస్సీ చేసి, గ్యాట్-బి రాసి ఎమ్మెస్సీ బయోటెక్‌కి వెళ్లే దారి ఉంది. అయితే ఆ పరీక్ష మొదటి భాగంలోనూ ప్లస్‌టూ స్థాయి లెక్కలుంటాయి.