ఏడేళ్ళుగా నా మెడలో యాషికా ఎలక్ట్రో 35

మా మేనమామ కువైట్ నుంచి తెచ్చుకున్న యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్ అనే పాత ఫిలిం కెమెరా ఏడేళ్ళ కిందట బీరువా సర్దుతుంటే బయటపడింది. దాని 45 ఎంఎం, ఎఫ్ 1.7 లెన్స్ గురించి చాలామంది రాసేశారు. మంచి లెన్సే, వదిలేద్దాం. నన్ను పట్టుకున్నది మాత్రం పైనున్న చిన్న కిటికీ.

దాంట్లో కన్ను పెడితే మధ్యలో పసుప్పచ్చటి మచ్చ ఒకటి ఉంటుంది. ఆ మచ్చలో ఎదుటి మనిషి ఇద్దరుగా కనబడతాడు. లెన్స్ రింగు తిప్పుతుంటే ఆ ఇద్దరూ దగ్గరికి జరిగి ఒకడైపోతాడు. అంతే, ఫోకస్ కుదిరింది. ఫొటోలో పడేంత మేరకు గీతల చట్రం ఉంటుంది గానీ, చట్రం బయట వీధి కూడా కనబడుతూనే ఉంటుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర నిలబడితే, పూలబుట్ట నెత్తిన పెట్టుకున్నామె చట్రంలోకి అడుగు పెట్టకముందే వస్తోందని నాకు తెలిసిపోతుంది. అద్దం సాయంతో లెన్స్‌లోంచే చూపించే నా డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లో ఆమె ఫ్రేములోకి వచ్చాకే కనబడుతుంది, పైగా సరిగ్గా నొక్కే క్షణంలో అద్దం పైకి లేచి కంటి ముందు చీకటి. యాషికాలో ఆ చీకటి లేదు. ఈ ఒక్కదానికే దీన్ని ఇన్నేళ్ళు మోశాను, ముప్పావు కిలో బరువైనా సరే.

రోజుకో వేషం కట్టి మొక్కు తీర్చుకునే మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకి మొదటి రెండేళ్ళు రెండు కెమెరాలూ తీసుకెళ్ళాను. బైరాగి వేషం రోజు పిల్లలు ఒళ్ళంతా నామకొమ్ము పూసుకుని వస్తారు. తిరుపతి మే ఎండలో ఆ తెలుపు డిజిటల్‌లో కాగితంలా తేలిపోయింది, కంప్యూటర్లో ఎంత తగ్గించినా అక్కడ ఏమీ లేదు. అదే పిల్లాడు నెగటివ్ మీద, కొమ్ము ఆరి పగిలిన గీతలతో సహా ఉన్నాడు. మరో రోజు ‘తోటి’ అనే వేషం కట్టేవాళ్ళు బొగ్గు పూసుకుంటారు, వాళ్ళతోనే చిక్కు. నల్లటి ఒంటిని చూసి వెలుగు కొలిచే మీటర్ మోసపోతుంది, ఈ కెమెరాలో ఎక్స్‌పోజర్ సవరించే మీట లేదు. ఫిలిం వేగం చెప్పే ఏఎస్ఏ చక్రాన్ని 400 నుంచి 800కి తిప్పి తీసి, మళ్ళీ వెనక్కి తిప్పుకోవాలి. నీడల్లోంచి వివరం లాగడంలో మాత్రం డిజిటలే మేలు, అది ఒప్పుకోవాలి.

మూడేళ్ళ కిందట రాసుంటే ఇక్కడితో ఆపేసేవాణ్ణి.

రెండేళ్ళ కిందట, జాతర చివరి రోజు. మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న కుర్రాడు మొక్కు తీర్చుకోడానికి వాళ్ళక్క చీర కట్టి, జడ వేసి, మల్లెపూలు పెట్టుకుని వచ్చాడు. "అన్నా, మా అమ్మకి ఒక ఫోటో కావాల" అన్నాడు. అంతకుముందే ఎవరో పసుపునీళ్ళు చల్లుతుంటే లెన్స్‌కి మూత పెట్టాను. నల్లటి లెన్స్ మీద నల్లటి మూత. కిటికీలో కన్ను పెడితే చీర, పూలు, వాడి సిగ్గు అన్నీ నిక్షేపంగా కనబడుతున్నాయి. మచ్చలో ఇద్దరూ ఒకటయ్యారు. వెలుగు ఎక్కువైందని ఎర్ర దీపం వెలిగితే లెన్స్ కంత తగ్గించి ఎఫ్ 11కి తిప్పాను, ఆరిపోయింది. మీటర్ కన్ను కూడా కిటికీ పక్కనే ఉంటుంది మరి, లెన్స్ వెనక కాదు. మూత ఉందని దానికేం తెలుసు? నొక్కాను, టక్ మంది. వాడితో మొదలుపెట్టి పద్నాలుగు తీశాను.

బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు ఇంట్లోనే కడుక్కుంటాను. మందుకి నీళ్ళు 20 డిగ్రీలుండాలి, మేలో మా మేడ మీది ట్యాంకు నీళ్ళు టీకి సరిపోయేటట్టుంటాయి. ఐస్ ముక్కలు వేసి, థర్మామీటర్ పెట్టి, తంటాలు పడి కడిగి తీస్తే ఇరవై రెండు బొమ్మలు, ఆ తర్వాత అద్దంలా తేటగా ఉత్త ఫిలిం. కిటికీ లెన్స్‌తో సంబంధం లేకుండా చూడటమే దీని గొప్ప అని ఎందరికి చెప్పానో!

మూత తియ్యలేదని చెప్పడానికి నోరు రాక, రీలు పాడైందన్నాను. "ఫోన్లో ఒకటి తీసుండచ్చు గదన్నా" అన్నాడు, అంతే. ఆ రోజే మూత సొరుగులో పడేసి, దాని బదులు లెన్స్ ముందు 55 ఎంఎం యూవీ ఫిల్టర్ అనే తేట గాజు బిగించాను.

మిగతా జబ్బులు చిన్నవే. అసలు మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు రాదు. వాచీల అంగట్లో నాలుగు ఎల్ఆర్44 బిళ్ళలు కొని కాగితం చుట్టి, ఖాళీలో రేకు ఉండ పెడితే నడుస్తుంది. లోపలి రబ్బరు దిమ్మె పొడైపోవడం ఈ మోడల్‌కి అందరెరిగిన రోగం. నాకూ వచ్చింది, చెన్నైలో ఒక పెద్దాయన పుత్తూరు కట్టు కట్టినట్టు సరిచేసి పంపాడు, మళ్ళీ వంక పెట్టలేదు. ఇందాక పొగిడిన ఆ పసుపు మచ్చ మాత్రం, నిజం చెప్పాలంటే, సాయంత్రమయ్యేసరికి వెలిసిపోతుంది. దీపాల వెలుగులో ఇప్పుడు సగం అంచనా మీదే ఫోకస్ చేస్తున్నాను. కళ్ళజోడు వచ్చాక చట్రం అంచులూ ఒకేసారి కనబడటం లేదు. అది కెమెరా తప్పు కాదనుకోండి.

కొనాలా అని అడిగితే ఏం చెప్పాలో తెలీదు. నాకిది ఊరికే వచ్చింది, నెలకో రీలు మించి తియ్యను. రంగుల ఫిలిం కావాలంటే నేనైతే చెన్నైకి కొరియర్ చేస్తున్నాను, ఆ ఖర్చు, ఆ ఎదురుచూపు అందరి వల్లా కాదు. పెళ్ళిళ్ళకి, పుట్టినరోజులకి, ఎవరికైనా మాటిచ్చిన ఫొటోకి నేను డిజిటలే పట్టుకెళ్తాను.

ఈసారి జాతరకి ఆ కుర్రాడు మళ్ళీ చీర కట్టాడు. నా మెడలో యాషికా చూసి నవ్వి, తన ఫోన్ నా చేతికిచ్చాడు. "ముందు దీంట్లో తియ్యన్నా, ఆమీట నీ దాంట్లో."