శరణార్థుల సంఘాల శిక్షణకు నిధులు: పెద్ద సంస్థ ద్వారానా, నేరుగానా, కూటమి ద్వారానా?

ఉగాండాలోని నకివాలే శరణార్థుల స్థావరం 1958 నాటిది. దక్షిణ సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారి కోసం 2016 ఆగస్టులో తెరచిన బిడిబిడి దానితో పోలిస్తే నిన్న మొన్నటిది. రెండుచోట్లా వచ్చినవారికి ఇల్లు కట్టుకోవడానికీ, నాలుగు కాయగూర మొక్కలు వేసుకోవడానికీ కొంత నేల చూపిస్తారు. పని చేసుకునే హక్కునూ, దేశమంతా తిరిగే హక్కునూ 2006 నాటి శరణార్థుల చట్టం గుర్తించింది. అయితే ఆ హక్కుల సంగతి తెలియనివారు ఎందరో ఉన్నారు, స్థావరాల చుట్టూ ఉన్న చెట్లేమో వంటచెరకు కింద తరిగిపోతున్నాయి. ఈ రెండు విషయాల మీదా తోటివారికి శిక్షణ ఇచ్చే సంఘాలను శరణార్థులే పెట్టుకున్నారు. వాటికి దాత సొమ్ము ఏ దారిన చేరితే మేలన్నది ఇక్కడ తూచవలసిన విషయం.

దాతలకు అలవాటైన దారి అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ. శరణార్థుల సంఘాలు చాలావరకు జిల్లా స్థాయిలోనే నమోదై ఉంటాయి. రెండు మూడేళ్ల ఆడిట్ లెక్కలు చూపమంటే వాటి దగ్గర ఉండవు. పెద్ద సంస్థతో ఒక్క ఒప్పందం చేసుకుంటే దాతకు ఆ బెంగ తీరుతుంది. అయితే ప్రతి మెట్టు దగ్గరా కార్యాలయ ఖర్చు కింద కొంత మినహాయించుకోగా, చివరి మెట్టున ఉన్న సంఘానికి శిక్షకుల దినబత్తెం మాత్రమే మిగులుతుంది. పాఠం పైనుంచే తయారై వస్తుంది కనుక, తన మనుషుల గురించి అందరికన్నా బాగా తెలిసిన శరణార్థి దానిని స్వాహిలీలోనో జూబా అరబ్బీలోనో తిరిగి చెప్పే దుబాసీగా మారిపోతాడు. చిన్న సంఘాల చేతికి డబ్బిస్తే లెక్క తప్పుతుందనే వాదన తరచుగా వినిపిస్తుంది కానీ, 2018లో వేలిముద్రలతో సరిచూసినప్పుడు 14 లక్షలనుకున్న శరణార్థులు సుమారు 11 లక్షలుగా తేలిన ఉదంతంలో తప్పిన లెక్క చిన్న సంఘాలది కాదు.

హక్కుల శిక్షణ దగ్గర ఈ మధ్యవర్తిత్వం మరింత ఇబ్బంది పెడుతుంది. 2023లో ప్రపంచ ఆహార కార్యక్రమం నిధుల కొరత వల్ల ఉగాండా శరణార్థులను అవసరాన్ని బట్టి మూడు వర్గాలుగా విడదీసి రేషన్‌లో కోతలు పెట్టింది. నన్ను ఏ వర్గంలో వేశారు, ఎందుకు వేశారు, ఎవరికి మొర పెట్టుకోవాలి అన్నవి అప్పుడు జనానికి కావలసిన పాఠాలు. రేషన్ పంపిణీలో భాగస్వామి అయిన సంస్థ నుంచే బత్తెం తీసుకునే శిక్షకుడు ఆ పాఠాన్ని ఎంతవరకు చెప్పగలడు? రెండో దారిలో, అంటే దాత నుంచి నేరుగా నిధి అందుకున్న సంఘానికి ఆ మొహమాటం ఉండదు. అయితే దానికి వేరే చిక్కులున్నాయి. శిక్షకుడు తెల్లవారితే ఆ స్థావరంలోనే బతకాలి. అధికారికి కోపం వస్తే అతని వెనుక నిలబడే పెద్ద పేరేదీ ఉండదు. పైగా కాంగో, రువాండా, బురుండి, సోమాలియా వారు కలిసి ఉండే నకివాలేలో ‘శరణార్థుల నాయకత్వం’ అన్నమాట ఒక్కోసారి ఇంగ్లీషు వచ్చిన ఒకే జాతి యువకుల నాయకత్వంగా కుదించుకుపోవచ్చు. తరగతిలో ఎవరు కూర్చున్నారు, ఏ భాషలో పాఠం చెప్పారు అని దాత అడగవలసిందే.

పర్యావరణ శిక్షణ లెక్క వేరు. కట్టెల ఖర్చు తగ్గించే లొరేనా మట్టి పొయ్యి వేయడం ఒక్క రోజులో నేర్పవచ్చు. మొక్కను బతికించడానికి మాత్రం మేకల నుంచి కాపాడుతూ కనీసం రెండు ఎండకాలాలు దాటించాలి. 12 నెలల గ్రాంటులో పంచిన మొక్కల సంఖ్య నివేదికకు ఎక్కుతుంది, బతికిన మొక్కల సంఖ్య తేలేసరికి గ్రాంటు ముగిసిపోతుంది. (మన ఊళ్లలో మొక్కలు నాటే కార్యక్రమాలను చూసినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు.) ఇక బిడిబిడి నేల స్థానిక తెగల ఉమ్మడి ఆస్తి. చెట్టు పెరిగాక కొమ్మ నరికే హక్కు ఎవరిదో ముందే మాట్లాడుకోకపోతే, నాటిన చేతులకే కట్టెపుల్ల దక్కదు. ఉగాండాలో సాయంలో 30 శాతం స్థానికులకు చేరాలన్న నియమం పాటిస్తారు కనుక, ఈ శిక్షణలో ఇరువర్గాలూ ఒకే నీడన కూర్చోవడం తప్పనిసరి. అటవీ అధికారితో పరిచయమూ, నారుమడి అనుభవమూ ఉన్న పెద్ద సంస్థ ఇక్కడ నిజంగానే అక్కరకు వస్తుంది. కానీ డబ్బు సంఘం దగ్గర ఉండి, ఆ నైపుణ్యాన్ని సంఘమే రుసుము చెల్లించి తెచ్చుకుంటే పెత్తనం చేతులు మారదు.

మూడో దారి శరణార్థుల సంఘాల కూటమి. ఉగాండా రాజధాని కంపాలాలో 2007లో మొదలైన యారిడ్ వంటి సంఘాలు కలిసి నడుపుతున్న రిసోర్సింగ్ రెఫ్యూజీ లీడర్‌షిప్ ఇనిషియేటివ్ ఇతర శరణార్థుల సంఘాలకు నిధులిస్తుంది. దరఖాస్తు చదివేవారికి స్థావరం కష్టం అనుభవంలో ఉండడం దీని బలం. రాజధానితో పరిచయం లేని మారుమూల సంఘం వారి కంట పడకపోవడం దీని లోటు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ 2022లో ప్రారంభించిన ఆవిష్కరణల నిధి కూడా ఒక్కో సంఘానికి 45,000 డాలర్ల వరకు నేరుగా ఇస్తోంది. పొయ్యిలకూ నారుమడులకూ అది చక్కగా సరిపోతుంది గానీ, అదే సంస్థ నిర్ణయాలను ప్రశ్నించడం నేర్పే తరగతికి అంత అనువైనది కాదు.

ఈ మూడు దారులూ అన్ని దేశాల్లోనూ తెరిచి ఉండవు. మన దేశంలో 2020 నాటి విదేశీ విరాళాల చట్ట సవరణ ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యాల కోసం విదేశీ దాత ఎవరైనా ఇలా మధ్యవర్తి ద్వారా నిధి పంపాలనుకుంటే ఆ దారి మొదటి మెట్టులోనే మూసుకుపోతుంది.

ఉగాండా మట్టుకు నా మొగ్గు ఇటు: హక్కుల శిక్షణకు కూటమి నిధి, అది అందని చోట నేరు గ్రాంటు, పర్యావరణ శిక్షణకు మూడేళ్లకు తగ్గని నేరు గ్రాంటు. సంఘానికి ఇంకా సొంత బ్యాంకు ఖాతా, నమోదు లేనప్పుడు మాత్రమే పెద్ద సంస్థ ఆసరా తీసుకోవాలి. అప్పుడు కూడా ఆ సంస్థ తీసుకునే రుసుము ఎంత శాతమో, ఖాతా ఏ నెలలో సంఘం పేరిట మారుతుందో ఒప్పందం మొదటి పుటలోనే రాయించుకోవాలి. మొదటి ఆడిట్‌కు అయ్యే ఖర్చును కూడా గ్రాంటులోనే కలపాలి, ఎందుకంటే ఆ కాగితం చేతిలో ఉంటేనే తర్వాతి దాత దగ్గరకు సంఘం ఒంటరిగా వెళ్లగలదు.